అనకాపల్లిలో బదులు ఆదివారం

అనకాపల్లి వెళ్ళొచ్చామని చెప్పగానే మా వీధిలో అందరూ ఒకటే అడిగారు, బెల్లం తెచ్చారా అని. తెచ్చాం. దిమ్మ పగలగొట్టి పంచాం కూడా. కానీ మేం వెళ్ళింది బెల్లానికి కాదు. తిరుపతికీ అరకుకీ వెళ్ళొచ్చినవాళ్ళు తీరిగ్గా రాసుకుంటారు. తెనాలి నుంచి పనిగట్టుకుని అనకాపల్లికి యాత్ర చేసిన దంపతులం బహుశా మేమే అయివుంటాం కాబట్టి, మా సంగతీ ఒకసారి వినండి.

ముందు ఇంటి విషయం కొంచెం చెప్పాలి. నా భార్య శారద స్కూటరు వెనక కూచుని వస్తుండగా చీర కొంగు చక్రంలో చిక్కుకుని పడిపోయింది. తల కల్వర్టు గట్టుకి తగిలింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు, మనిషి దక్కింది. నడుస్తుంది, తింటుంది, పాత సంగతులన్నీ గుర్తే. అయితే తనంతట తాను ఏ పనీ మొదలుపెట్టదు. కూచోబెడితే కూచుంటుంది, లెమ్మంటే లేస్తుంది. ఏదైనా అనాలంటే మాట కోసం చాలాసేపు వెతుక్కుంటుంది. ఈలోగా నేనే అందిస్తాను, తను తల ఊపుతుంది. ఇది బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు, దెబ్బ తగిలిన చోటు అలాంటిది అని డాక్టరుగారు చెప్పారు. ఆ ముక్క చుట్టాల తలకెక్కించడం నా వల్ల కాలేదు.

ఇలా ఏడాదిన్నర గడిచింది. నేను కరెంటాఫీసులో గుమాస్తాని. ఉన్న సెలవులు రెండు మూడు రోజులు తప్ప అన్నీ అయిపోయాయి. నరసరావుపేటలో ఉండే శారద అక్క వరలక్ష్మిగారు ఫోన్ చేసి, నెలాఖరుకి వచ్చి చెల్లెల్ని తీసుకెళ్ళిపోతాననీ, ఇక తన దగ్గరే ఉంచుకుంటాననీ చెప్పేసింది. ఆవిడ మంచి మనసుతోనే అంది. అందుకే కాదనడానికి నాకు నోరు రాలేదు. కానీ శారద లేని ఇంట్లోకి సాయంత్రం తాళం తీసుకుని వెళ్ళడం తలుచుకుంటే భయమేసేది. ఆఫీసులో అనకాపల్లాయన ఒకరున్నారు. "మా ఊళ్ళో తల దెబ్బలు తిన్నోళ్ళ ఇళ్ళవాళ్ళంతా ఆదివారం ఆదివారం కలుసుకుంటారండి. ఒకసారి వెళ్ళి చూడండి, పోయేదేముంది" అన్నారాయన. అది 2006 మాఘమాసం. నెలాఖరుకి ఇంకా రెండు వారాలుంది.

రైల్లో

తుని దాకా చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. తునిలో చేపలు అమ్మేసిన గంపలతో ఒకావిడ ఎక్కింది. ఆవిడది రాంబిల్లి దగ్గర ఏదో పల్లె. మా ఎదురుగా కూచుని శారదని పలకరించింది. ఏ ఊరమ్మా అంది. తెనాలి అన్నాను. పిల్లలెంతమంది అంది. లేరన్నాను. ఒంట్లో బాగోలేదా అంది. తలకి దెబ్బ తగిలిందని మొదలుపెట్టి ఆపరేషన్ దాకా చెప్పుకొచ్చాను.

ఆవిడ అంతా విని, "బావూ, నాను అమ్మనడిగేను. మద్దిన నువ్వు సెప్తన్నావేటి?" అంది.

పక్కవాళ్ళు నవ్వారు. నాకు కొంచెం కోపం వచ్చింది కూడా. ఆవిడ మాత్రం అదేం పట్టించుకోకుండా గంపలోంచి తేగల కట్ట తీసి, ఒక తేగ చీల్చి శారద చేతిలో పెట్టింది. మా వైపు కూడా తేగలు కాల్చే తింటాం గానీ ఇంత లావువి నేను చూడలేదు. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. యలమంచిలిలో దిగిపోతూ శారద గడ్డం పట్టుకుని వెళ్ళింది.

అనకాపల్లి వచ్చేసరికి హడావిడిలో శారద చెప్పులు నేనే తొడిగాను, పెట్టె దించాను, మంచినీళ్ళ సీసా దించాను, శారదని దించాను. రైలు కదిలాక చూసుకుంటే నా కాళ్ళకి చెప్పుల్లేవు. అవి సీటు కింద నుంచే విశాఖపట్నం వెళ్ళిపోయాయి.

బెల్లం బజారు

ఆఫీసులోని అనకాపల్లాయన మాకు బస రూతమ్మగారింట్లో కుదిర్చారు. ఆవిడ రిటైరైన నర్సు. అరవై దాటాయి. గుమ్మంలోనే చేతులు జోడించి "వందనాలు బాబూ" అని, నా ఉత్త పాదాలు చూసి ఏమీ అడక్కుండా వాళ్ళబ్బాయి హవాయి చెప్పులు తెచ్చి పడేసింది. ఆ అబ్బాయికీ మోటారు సైకిలు మీంచి పడి తలకి దెబ్బ తగిలిందట. పదేళ్ళయిందట. ఇప్పుడు పగలంతా ఒక సైకిల్ షాపులో కూచుని పంక్చర్లు వేస్తున్నాడు.

శనివారం పొద్దున శారదని తీసుకుని బెల్లం మార్కెట్టుకి వెళ్ళాను. దిమ్మలు వరసలు వరసలుగా పేర్చివున్నాయి. పసుపుపచ్చవి, ఎర్రనివి, నల్లగా మాడినట్టున్నవి. బెల్లానికి ఇన్ని రంగులుంటాయని నాకు తెలీదు. కొనేవాడు బొటనవేలితో దిమ్మని నొక్కి, అంచు గిల్లి నోట్లో వేసుకుని, వేలంపాటలో ధర పలుకుతున్నాడు. నేనూ పెద్దమనిషి తరహాగా మూడు దిమ్మలు గిల్లి రుచి చూశాను. ఒక రైతు మర్యాదగా, "బావుగారు పాట పాడతారా, టిఫినే సేత్తారా?" అని అడిగాడు. అక్కడి నుంచి వచ్చేశాం.

ఇక్కడివాళ్ళ నాలుక తీరు వేరు. టీ రెండు రూపాయలు, చిక్కగా బాగుంటుంది. కానీ హోటల్లో సాంబారు తియ్యగా ఉంది. పప్పు తియ్యగా ఉంది. పచ్చడి నాలిక మీద పెట్టుకుంటే అదీ చివర్లో తియ్యగానే తేలింది. పులుసులో బెల్లం లేకపోతే ఇక్కడ దాన్ని రోగులకి పెట్టేదిగా చూస్తారు. మా గుంటూరు జిల్లా కడుపుకి ఇదంతా ఒక శిక్ష. నేను రెండు పూటలకే గొణగడం మొదలుపెట్టాను. శారద మాత్రం పెట్టింది పెట్టినట్టు తినేసింది.

చర్చి వెనకాల హాలు

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనకాల రేకుల హాలులో చాపలు పరిచారు. చర్చివాళ్ళే కాదు, చుట్టుపక్కల పల్లెల నుంచి బొట్లు పెట్టుకున్న రైతు కుటుంబాలూ వచ్చాయి. నేను ఎవరో డాక్టరు మాట్లాడతాడనుకున్నాను. అడగవలసినవి మనసులో వరసగా పెట్టుకున్నాను. డాక్టరు లేడు, ఉపన్యాసం లేదు. ఉప్మా పెట్టారు. ఉప్మా అయ్యాక రూతమ్మగారు లేచి, "సరే, ఈవేళ ఎవరి బదులు ఎవరు?" అంది.

చెరుకు నరికేటప్పుడు ఈ పల్లెల్లో ఈవేళ నా చేలోకి నువ్వు వస్తే, రేపు నీ చేలోకి నేను వస్తాను. దాన్ని బదులు అంటారు. ఇక్కడ ఆదివారంనాడు మనుషుల్ని అలా బదులిచ్చుకుంటారు. మన ఇంటి మనిషిని ఇంకొకరు వాళ్ళింటికి తీసుకెళ్తారు. వాళ్ళ మనిషి సాయంత్రం దాకా మన దగ్గర ఉంటాడు. పొద్దుగూకే వేళకి వాళ్ళ మనిషిని ఇంటి దగ్గర దిగబెట్టి మన మనిషిని తెచ్చుకోవాలి.

"అమ్మా, మేం ఊరికే చూసిపోదామని వచ్చాం" అన్నాను.

"చూట్టానికేటుంది బాబూ, నాటకమా?" అంది రూతమ్మగారు. "మీ మనిషి ఏం అంటాదో మీకు ముందే తెలుసు. అందుకని ఆగరు, అందించేత్తారు. పరాయోళ్ళకి తెలీదు. తెలీదు గాబట్టి ఆగుతారు. మా అబ్బాయి విషయంలో నాకిది అర్థమవడానికి రెండేళ్ళు పట్టింది."

శారదని తీసుకెళ్తానని లేచినావిడ పేరు నరసమ్మ. దేవరాపల్లి వైపు పల్లెలో రెండెకరాల చెరుకు. ఆవిడ భర్త సత్తిబాబు లారీ డ్రైవరు. చెరుకు లోడు మీద మోకు బిగిస్తుంటే మోకు తెగి కిందపడ్డాడు. ఆయన ఇప్పుడు నా వాటాకి వచ్చాడు. నేను నరసమ్మకి శారద మందులు, అన్నం మెత్తగా ఉండాలని, ఎండలో తిప్పొద్దని, గట్టిగా మాట్లాడొద్దని, ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, "అలగే అన్నయ్యా. మిగిలింది వొదిన్ని అడుగుతాన్లే" అని శారద చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది. ఆటో మలుపు తిరిగేదాకా నేను చూస్తూనే ఉన్నాను. శారద వెనక్కి తిరిగి చూడలేదు. అదొక బాధ.

హైవే పక్క టీ కొట్టు

సత్తిబాబు నా చెయ్యి పట్టుకుని తిన్నగా హైవే మీదికి నడిపించాడు. అక్కడొక టీ కొట్టు, ఎదురుగా ఆగిన లారీలు. డ్రైవర్లు అతన్ని చూడగానే "ఏటి మావా, ఈవేళ లేటయ్యింది?" అని ఇనప రాడ్డు చేతికిచ్చారు. సత్తిబాబు ఒక్కొక్క లారీ చుట్టూ తిరుగుతూ ప్రతి టైరు మీదా కొట్టి, చెవి ఒగ్గి గాలి ఎంతుందో వింటున్నాడు. తాపీగా, ఏ తొందరా లేకుండా. ఒక డ్రైవరు బండిలో ఎక్కి కూడా, సత్తిబాబు చివరి టైరు దాకా వచ్చేవరకూ ఇంజను స్టార్టు చెయ్యలేదు. అవసరం ఉండి ఆగాడా, ఊరికే ఆగాడా అని నాకు తెలీదు. అడగడం బాగుండదనిపించింది.

తర్వాత బల్ల మీద కూచున్నాం. సత్తిబాబు నా వైపు తిరిగి "మీ..." అన్నాడు. ఆగిపోయాడు.

"మా ఊరా? తెనాలి" అన్నాను.

అతను తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదలుపెట్టాడు. "మీ... ఆ..."

"మా ఆఫీసా? టీ కావాలా? బజ్జీయా?"

సత్తిబాబు కళ్ళు మూసుకుని, పెదాలు బిగించి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. టీ కొట్టాయన గ్లాసు కడుగుతూ, "బావుగారూ, మీరు మద్దిలో అందిత్తే ఆడు మళ్ళీ మొదట్నుంచి రావాలి. అలగైతే సాయంత్రం దాకా ఇక్కడే ఉంటారు. నోరు మూసుకోండి, ఏమనుకోకండి" అన్నాడు.

నోరు మూసుకున్నాను. రెండు లారీలు వెళ్ళాయి. ఒక బస్సు వెళ్ళింది. చేతులు ఏం చేసుకోవాలో తెలీక తొడల కింద పెట్టుకున్నాను.

"మీ... ఆవిడ... అన్నం... తిన్నాదో... నేదో" అన్నాడు సత్తిబాబు.

అంత కష్టపడి అతను అడగాలనుకున్నది అది. "తినే ఉంటుంది బాబూ" అన్నాను. అతను తృప్తిగా తల ఊపి నా టీ కూడా తాగేశాడు.

దేవరాపల్లి దారిలో

సాయంత్రం సత్తిబాబుతో బస్సు దిగి పొలాల్లోంచి వెళ్తుంటే బెల్లం వండుతున్న వాసన వచ్చింది. పెద్ద పెనంలో చెరుకు రసం మరుగుతోంది. చుట్టూ నలుగురు నిలబడి నురగ తీస్తున్నారు. ఇంకో రోజైతే గంటసేపు నిలబడి చూసేవాణ్ణే. ఆ రోజు నా కళ్ళు శారద కోసమే వెతుకుతున్నాయి.

నరసమ్మ ఇంటి వెనక పాకలో పొయ్యి ముందు శారద కూచునివుంది. ఒక్కతే. చేతిలో గరిటె. మంట ఎగదన్నుతోంది. నేను పరుగెత్తబోయాను. నరసమ్మ గబుక్కున నా చొక్కా పట్టుకుని ఆపింది.

"ఎక్కడికన్నయ్యా? పులుసెడతన్నాది."

"తనా? ఎవరు చెయ్యమన్నారు?"

"నానే అన్నాను. కోపమొచ్చి అన్నాను" అని నన్ను అరుగు మీద కూచోబెట్టి చెప్పుకొచ్చింది. "మజ్జాన్నం ఆనపకాయ పులుసెట్టేను. బెల్లం ఎయ్యకుండా పులుసుంటదేటి? వొదిన ఒక ముద్ద తిన్నాది. సెయ్యి ఆపీసినాది. నాకేటి తెలుసు, ఆవిడకేటి కావాలో? నానూ సెయ్యి ఆపీసి సూత్తన్నాను. సాలా సేపటికి, 'ఇది... పానకం' అన్నాది. నాకు సుర్రుమన్నాది. పదూళ్ళోళ్ళు నా పులుసు తిని మెచ్చుకున్నారు. 'అయితే నువ్వే ఎట్టుకో వొదినా' అనీసి పశువులకి కుడితి ఎట్టడానికెల్లిపోయేను. తల దెబ్బ తగిలిన మనిషని మరిసేపోనాను. తిరిగొచ్చేసరికి పొయ్యి కాడ కూకున్నాది. సింతపండు పిసుకుతన్నాది."

"మరి తర్వాత?"

"తరవాతేటి. తిన్నాను. గొంతు మండిపోనాది. ఉప్పు మరిసిపోనాదని సెప్పేను, ఏసుకున్నాది. బాగుందని మాత్రం సెప్పనేదు. మళ్ళీ ఎట్టమన్నాను."

ఏడాదిన్నరలో శారద మీద కోపం తెచ్చుకున్న మొదటి మనిషి నరసమ్మ. మిగతా అందరం జాలిపడ్డాం. కోపం తెచ్చుకుని, మామూలు మనిషిని వదిలేసినట్టు వదిలేసి వెళ్ళిపోయిందావిడ. నాకు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదు గానీ, పెట్టినా తప్పులేదు.

వెలుగు ఉండగానే అందరికీ అరుగు మీద విస్తళ్ళు వేశారు. శారద పెట్టిన పులుసు నోట్లో పెట్టుకోగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పాత రుచే. ఎండుమిరపకాయలు, మెంతులు, బెల్లం జాడ లేదు. ఇంట్లో వండుతున్నది నేను. పప్పు మాడ్చడం తప్ప నాకు చేతనైన వంట లేదు. శారద అదే తిని చెయ్యి కడుక్కునేది. రుచి తెలియడం లేదేమో అనుకునేవాణ్ణి.

"శారదా, ఇన్నాళ్ళూ నా వంట తిన్నావు గదా. బాగాలేదని ఒక్కసారీ అనలేదేం?" అని అడిగాను.

ఆమె నా వైపు చూసింది. జవాబులు నా నోట్లోకి నాలుగైదు వచ్చాయి. ఆకలి వల్లనా, మాట రాకనా, రుచి తెలీకనా. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. సత్తిబాబు తినడం ఆపి చూస్తున్నాడు. పాకలో దూడ అరిచింది.

"మీరు... కష్టపడి... చేశారు... గదా" అంది శారద.

నాకు ఏడుపొచ్చింది. తల దించుకుని పులుసు కారంగా ఉందన్నాను. నరసమ్మ నమ్మి బెల్లం ముక్క తెచ్చిచ్చింది.

ఎస్టీడీ బూత్

సోమవారం పొద్దున రూతమ్మగారు ఇడ్లీలు పెడుతూ, "మీ ఊళ్ళో ఇంకొక్క ఇల్లు చూసుకోండి బాబూ. రెండిళ్ళుంటే బదులు మొదలవుద్ది" అంది. మా వెనక వీధిలో ఒక మెకానిక్ కుటుంబం ఉంది. మేడ మీంచి పడ్డ వాళ్ళ నాన్న పొద్దస్తమానం వరండాలో కూచునివుంటాడు. ఏళ్ళ తరబడి ఆ వరండా ముందు నుంచే ఆఫీసుకి వెళ్తున్నాను గానీ లోపలికి వెళ్ళింది లేదు. తిరిగొచ్చిన రోజే వెళ్ళాను. ఇప్పుడు నేను ఆఫీసుకి పోయేటప్పుడు శారద వాళ్ళింట్లో ఉంటుంది. సాయంత్రాలూ ఆదివారాలూ పెద్దాయన మా ఇంట్లో ఉంటాడు. అన్ని రోజులూ ఒకలా ఉండవు. కొన్ని రోజులు శారద కుర్చీలోంచి కదలదు, మాట కూడా ఉండదు. ఆ రోజు నా పప్పే గతి.

అయితే ఇది చెయ్యాలంటే ముందు వరలక్ష్మిగారికి జవాబు చెప్పాలి. ఆ సోమవారం రైలుకి ఇంకా టైముంది. స్టేషను బయట ఎస్టీడీ బూతులోకి వెళ్ళాం. ఏం చెప్పాలో రాత్రంతా వరస కట్టుకున్నాను. వదినగారూ, మీ మాట కాదనడం కాదు, అని మొదలుపెట్టి గౌరవంగా ముగించేలా. నంబరు తిప్పాను. అవతల ఆవిడ గొంతు వినపడింది. అప్పుడు తట్టింది, ఈ విషయం ఇంతవరకూ శారదని ఎవరం అడగలేదని. ఆవిడా అడగలేదు, నేనూ అడగలేదు.

"శారద మాట్లాడుతుందండి" అని రిసీవరు తన చేతికిచ్చాను. మీ అక్క నిన్ను తీసుకెళ్తానంటోంది, వెళ్తావో లేదో నువ్వే చెప్పు, అన్నాను.

అవతల నుంచి హలో, హలో అని వినపడుతోంది. శారదా, ఉన్నావా, ఏమే, మీ ఆయనకివ్వు, అంటోందావిడ. మీటరు తిరుగుతోంది. బూతాయన లైను పోయిందేమోనని నా వైపు చూశాడు. శారద పెదాలు కదులుతున్నాయి, మాట రావడంలేదు. వెళ్తానంటే ఏం చెయ్యాలని కూడా అనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకున్నాను.

"అక్కా" అంది శారద. "నేను... రాను."

వరలక్ష్మిగారు ఏదో గబగబా అంటోంది. శారద అంతా విన్నది. విని, మాట వెతుక్కుని, ఒక్కొక్కటే తెచ్చి పెట్టింది.

"ఈయనకి... వంట... రాదు. నేను... నేర్పాలి."

రిసీవరు పెట్టేసింది. బూతు తలుపు తనే తోసుకుని స్టేషను వైపు నడిచింది. నేను డబ్బులిచ్చి, పెట్టె పట్టుకుని, వెనకాల వెళ్ళాను.